తేనెపెట్టెల కథ ఆగిన చోటు

పోయిన వారం ఈశ్వరమ్మను మదనపల్లె బజారులో, షంషుద్దీన్ సాయిబు బైండింగు అంగడి గడప మీద నిలబెట్టి వచ్చాం. ఆమె పుంగనూరు ఆడపిల్లల బడిలో పంతులమ్మ. భర్త రామచంద్ర కుప్పం రైలు స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తా. ఎనిమిది నెలలుగా క్షయతో మదనపల్లె దగ్గరి శానటోరియంలో మంచం పట్టి ఉన్నాడు. కుప్పం వెయిటింగు రూములో ఎవరో ప్రయాణికుడు మరచిపోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి అతని దగ్గర ఉండిపోయింది. అందులో రష్యా దేశపు పెద్దకథలు మూడున్నాయి. ఒకటి ప్రేమ గురించి, ఒకటి చావు గురించి, మూడోది మనిషి ఎందుకు బతకాలనే దాని గురించి. పడుకున్న చోటే వాటిని తెలుగు చేస్తున్నాడు. ఒక్కో కథా అయ్యాక ఆ కాగితాలు సాయిబు దగ్గరికి వస్తాయి. ఆయన కుట్టి అట్ట వేస్తాడు. ఈశ్వరమ్మ వాటిని పుంగనూరు తీసుకుపోయి శుభ్రంగా సాపు రాస్తుంది. రెండు కథలు అలాగే అయ్యాయి. మూడోది అడిగేసరికి సాయిబు తల వంచుకుని, "శుక్రవారం దాటేదాకా నీకియ్యొద్దన్నాడమ్మా మీ ఆయన" అన్నాడు.

ఆ రోజు బుధవారం.

యుద్ధం వచ్చిన దగ్గర్నుంచీ బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి. పుంగనూరు నుంచి వచ్చేలోపల ఆ బస్సు రెండుచోట్ల నిలిచిపోయింది, ఎక్కినవాళ్లందరి ముఖాల మీదా మసి పడింది. ఈశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అట్టముక్కలు పక్కకు జరిపి చాప మీద కూర్చుంది.

"శుక్రవారం ఏముండాది సాయిబన్నా?"

"తెల్దమ్మా. అల్లా సాక్షిగా తెల్దు. నాకు తెలుగు సదవను రాదని నీకు తెలుసును గదా. కాగితాలు తెచ్చిన వార్డు మనిషి ఆ మాట సెప్పి పోయినాడు, నేను సరే అంటిని. మాటిచ్చినాక నేనేం సేసేది?"

"సరే. మీ మాట నేను తప్పించను. శుక్రవారం దాకా ఈడనే కూసుంటాను."

సాయిబు జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన పిండి జిగురు అది, అంగడంతా దాని వాసనే. కుంచె ముంచాడు కానీ దేనికి పూయాలో ఆయనకు తోచలేదు. కాసేపటికి తనే మళ్లీ అన్నాడు.

"కుట్టేటప్పుడు ఒకటి సూసినానమ్మా. చివర పదారు కాగితాలు తెల్లగుండాయి. కాగితం దొరక్క జనాలు అల్లాడతా ఉంటే తెల్లకాగితాలు కుట్టిచ్చుకునే మనిషిని నేను సూడలేదు. వాటిని కూడా కలిపే కుట్టమన్నాడంట."

రామచంద్ర కాగితం విలువ తెలిసినవాడు. పాత గూడ్సు ఫారాల వెనక సన్నటి అక్షరాలతో, అంచు కూడా వదలకుండా రాసేవాడు. అలాంటి మనిషి పదహారు తెల్లకాగితాలు వదిలాడంటే ఊరికే వదలడు.

లోపలి గుడ్డతెర కదిలింది. సాయిబు భార్య చాంద్ బీ మంచినీళ్ల చెంబుతో వచ్చి ఈశ్వరమ్మ ముందర పెట్టింది. అన్నీ విన్నదని ఆమె ముఖమే చెబుతోంది. మొగుడి వెనకున్న బల్ల దగ్గరికి పోయి, బరువు కింద ఆరుతున్న ఎర్ర కాలికో గుడ్డ అట్ట పుస్తకాన్ని తీసి ఈశ్వరమ్మ ఒళ్లో పెట్టింది.

"మాటిచ్చింది ఆయనమ్మా. నేను ఎవురికీ ఇయ్యలేదు" అంది.

సాయిబు కాదనలేదు. ఏదో పెద్ద మూట దించుకున్నవాడిలా గోడకు ఆనుకున్నాడు.

మూడో కథ ఈశ్వరమ్మకు తెలిసిందే. పెళ్లయినప్పట్నుంచీ, బడికి సెలవులిచ్చినప్పుడల్లా ఆమె కుప్పం పోయేది. సాయంత్రం బెంగుళూరు బండి వెళ్లిపోయాక రామచంద్ర క్వార్టర్సు అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం తెరిచి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పేవాడు. రష్యాలో ఒక నది ఒడ్డున తేనెపెట్టెలు పెట్టుకుని బతికే ముసలాయన పేరు యెగోర్. రామచంద్ర నోట్లో అతను యెగోరప్ప అయ్యాడు. ఆకు రాలే కాలంలోనే యెగోరప్పకు తెలిసిపోతుంది, వచ్చే ఎండాకాలం తను ఉండనని. భార్య దార్యాకు చెప్పడు. చలికి తేనెటీగలు చావకుండా పెట్టెలకు గడ్డి ఎలా చుట్టాలో, పొగ ఎంత పెట్టాలో, రాణీగను ఎలా గుర్తుపట్టాలో ఒక్కొక్కటే ఆమెకు నేర్పుతాడు. ఈ ముసలాయన సోమరి అయిపోయాడు, పనంతా నా నెత్తిన పెడుతున్నాడని దార్యా విసుక్కుంటుంది. మంచు కరిగే రోజుల్లో అతను పోతాడు. ఆ తర్వాత ఒక పెట్టె మూత తీసి చూసినప్పుడు గానీ ఆమెకు అర్థం కాదు.

ఆ కథ విన్నరోజు ఈశ్వరమ్మ అతనితో పోట్లాడింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా, రాసినాయనకు ఆడవాళ్ల సంగతి తెలియదు, అంది. రామచంద్ర నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు పుస్తకంలో పెట్టెలకు గడ్డి చుట్టడం అయింది. పొగ పెట్టడం అయింది. చలి ముదిరింది. పొయ్యి పక్కన కూర్చుని దార్యా ఊలు వడుకుతూ, తల ఎత్తకుండా అడుగుతుంది: "వచ్చే ఎండాకాలం తేనె ఎవరు తీస్తారు?"

అక్కడితో రాత ఆగింది. ఆ కింద, వేరే సిరాతో, నాలుగే వరుసలు.

"శుక్రవారం పొద్దున పది గంటలకు నా ఎడమవైపు పక్కటెముకలు మూడు తీస్తారు. ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికి వేరే దారి లేదంటున్నారు. నేను రాయలేకపోతే మిగిలిన కథ ఈశ్వరి రాయాలి. ఆమెకు అంతా తెలుసు."

ఈశ్వరమ్మ ఆ వరుసలు రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు కనిపించలేదు.

"సాయిబన్నా, ఒక జట్కా పిలిపించండి" అంది.

* * *

శానటోరియం వరండాలు కొండగాలికి తెరుచుకుని ఉంటాయి. మంచాలన్నీ ఒకే వరుస. ఒక్కో మంచం తలవైపు జ్వరం గీతలు గీసిన కాగితం వేలాడుతుంది, పక్కన మూత ఉన్న ఉమ్మి గిన్నె. ఈశ్వరమ్మ పోయేసరికి మధ్యాహ్నపు విశ్రాంతి గంట అయిపోయింది. రామచంద్ర దిండుకు ఆనుకుని పెన్సిలు చెక్కుకుంటున్నాడు. ముందు ఆమె చేతిలోని ఎర్ర అట్ట చూశాడు. తర్వాత ముఖం చూశాడు.

"సాయిబు మాట తప్పినాడా?"

"ఆయన తప్పలేదు. చాంద్ బీ ఇచ్చింది. ఆమె ఎవురికీ మాటియ్యలేదంట."

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు తగ్గాక గుడ్డలోకి చూసి మడిచి పెట్టాడు. చూడటానికి వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మంచానికి దూరంగా ఉంటుంది. ఈశ్వరమ్మ దాన్ని ముందుకు లాక్కుని కూర్చుంది. అలా లాగకూడదని నర్సు చెప్పే ఉంది, అయినా లాగింది.

"మూడు ఎముకలేనా?"

"ముందు మూడు. తట్టుకుంటే ఇంకో నెలకు ఇంకొన్ని."

"తట్టుకోకపోతే?"

"బతికేవాళ్లు సగానికి పైనే అన్నాడు డాక్టరు. ఆ పైన ఎంతని నేను అడగలేదు."

పక్క మంచం ముసలాయన వీళ్ల మాటలు తనకు వినపడకూడదనుకున్నాడో ఏమో, అటు తిరిగి పడుకున్నాడు.

"శుక్రవారం పది గంటలకి నేను ఏం సేస్తా ఉంటానో తెలుసునా మీకు?" అంది ఈశ్వరమ్మ. గొంతు పెంచలేదు. "మూడో క్లాసుకి ఎక్కాలు సెప్తా ఉంటాను. పదమూడో ఎక్కం. పిల్లోళ్లు అరస్తా ఉంటారు, నేను బెత్తం పట్టుకోని నవ్వతా ఉంటాను. ఈడ మిమ్మల్ని కోస్తా ఉంటారు. సాయంత్రం ఎవురో తంతి తెచ్చిస్తే అప్పుడు తెలుస్తాది నాకు."

"అదే కావాల నాకు" అన్నాడు రామచంద్ర. "ఆ బల్ల మీద పండుకొన్నప్పుడు, మా ఈశ్వరి ఎక్కాలు సెప్తా ఉండాది అనుకొంటే నాకు నిబ్బరంగా ఉంటాది. నువ్వు ఈ వరండాలో కూసోని ఆపరేషను గది తలుపు పక్కనే సూస్తా ఉండావనుకుంటే, నేను ఆ బల్ల ఎక్కలేను."

"మీ నిబ్బరానికి నన్ను బడిలో పెడ్తిరి. నా నిబ్బరానికి మిమ్మల్ని యాడ పెట్టుకునేది నేను?"

రామచంద్ర చెక్కిన పెన్సిలే మళ్లీ చెక్కబోయాడు. ఆమె చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. అతని వేళ్లు వేడిగా ఉన్నాయి, సాయంత్రపు జ్వరం మొదలైంది.

"ఈశ్వరీ, ఈ రష్యావాళ్లు సావు గురించి ఎట్ల మాట్లాడతారంటే, మనం వాన గురించి మాట్లాడినట్ల. వస్తాదా, రాదా, ఈ పొద్దా, రేపా, అని. వాళ్లను తెలుగులో పెడితే నాకు కూడా ఆ మాట్లాడేది వస్తాదనుకొంటి. కాగితం మీదికి వచ్చింది. నీ ముందరికి వచ్చేసరికి నోరు రాలేదు."

"అందుకని దార్యా దగ్గర నిలిపేస్తిరా?"

"కాదు." అతను కళ్లు మూసుకున్నాడు. తెరిచి ఆమెనే చూశాడు. "దానికి వేరే సంగతి ఉండాది. కుప్పంలో ఆ కథ సెప్పిన రోజు నేను నీకు అబద్ధం సెప్పినా."

"ఏం అబద్ధం?"

"పుస్తకంలో దార్యాకు తెలుసు. మొదటి పుట నుంచీ తెలుసు. తేనె ఎవురు తీస్తారని ఆయమ్మ అడిగేది, ఆయనకు సెప్పేదానికి సందు ఇచ్చేదానికే. ఆ పైన ఇద్దరూ కూసోని తెల్లారేదాకా మాట్లాడుకుంటారు. పదారు పుటలు. నువ్వు కథ రాసినాయన్ని తిడితివే, ఆయన తప్పేమీ లేదు. మార్చింది నేను."

ఈశ్వరమ్మ పెన్సిలు ఒళ్లో పెట్టుకుంది. "యాల మారిస్తిరి?"

"ఆ రోజు పొద్దున స్టేషన్లో మొదటి తూరి రక్తం పడింది. నీకు సెప్పలేదు. సాయంత్రం ఆ పుటలు సదవబోతే, అవి నీకు సెప్తే నా మొగం సూసి కనుక్కుంటావని భయమేసింది. ఆయమ్మకు తెలీదని సెప్పి, కథలో ఆయన్ని సంపేసినా."

వరండా చివర ఎవరో దగ్గుతున్నారు. నర్సు జ్వరం కొలిచే గాజుపుల్లలు పట్టుకుని ఒక్కో మంచం దాటుతోంది. ఈశ్వరమ్మ ఏడుస్తుందేమోనని రామచంద్ర భయపడ్డాడు. ఆమె ఏడవలేదు. చాలా మెల్లగా, బడిలో పిల్ల తప్పు చదివితే దిద్దినట్టుగా చెప్పింది.

"ఆ రోజు మీరు రుమాలు ఉతికి దండెం మీద ఆరేసినారు. పెండ్లయి రెండేండ్లు అయింది, అంతకుముందు ఒక్క దినం మీరు మీ గుడ్డ ఉతుక్కోలేదు. నేను దాన్ని తీసి ఎండకి పట్టి సూసినా. మరక పూరా పోలేదు."

రామచంద్ర చెయ్యి మడిచి పెట్టిన గుడ్డ మీదికి పోయింది.

"మీరు సెప్తారని నెల దినాలు కాసుకున్నా. మీరు సెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే నిజమైపోతాదని. కథ మీద ఎందుకు పోట్లాడినాననుకొంటిరి? ఆడమనిషికి తెలీకుండా ఉంటాదా అని అరిసింది ఎవురి మీద?"

అతను చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు వణికాయి. దగ్గు కాదది. ఈశ్వరమ్మ స్టూలు మీంచి లేచి, చూసేవాళ్లు చూస్తారని కూడా అనుకోకుండా మంచం అంచున కూర్చుని, అతని తల తన భుజం మీదికి తీసుకుంది. అస్థిపంజరం లాంటి ఆ వీపు మీద, శుక్రవారం ఏ ఎముకలు తీస్తారో తెలియని ఆ వీపు మీద, అరచేత్తో నిమిరింది. నర్సు పక్క మంచం దాకా వచ్చి, అక్కడే ఆగి, జ్వరం కాగితం చూస్తూ నిలబడింది.

కొంతసేపటికి రామచంద్ర తేరుకుని, "మిగిలిన పదారు పుటలు సెప్తా, రాస్తావా?" అన్నాడు.

"రాస్తా. అయితే ఒక మాట. ఇంక నాకు తెలీకుండా ఏదీ ఉండకూడదు. మంచిదైనా, చెడ్డదైనా."

"ఉండదు. నీ దగ్గర కూడా ఉండకూడదు."

"ఉండదు" అంది ఈశ్వరమ్మ.

ఎర్ర పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. అతను కళ్లు మూసుకుని చెప్పాడు, ఆమె రాసింది. దార్యా వడికే రాట్నం ఆపింది. యెగోరప్ప పొయ్యిలో కట్టె ఎగదోశాడు. నీకెప్పుడు తెలిసింది అన్నాడు. ఈగలకు పొగ పెట్టే గొట్టం నువ్వు నా చేతికి ఇచ్చినప్పుడు, అంది దార్యా. ముప్పై ఎనిమిదేళ్లుగా దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు నువ్వు. మాటల మధ్య రామచంద్ర ఆగిపోయేవాడు, ఊపిరి అందాక మళ్లీ అందుకునేవాడు. ఒకచోట ఇంగ్లీషు మాటకు తెలుగు మాట దొరకలేదు. ఇద్దరూ వెతికారు. పొద్దు వాలేసరికి మూడు పుటలయ్యాయి. అతని ముఖంలో చాలా నెలలుగా లేని తేటదనం ఒకటి కనిపించింది ఆమెకు. సాయంత్రం గంట కొట్టారు.

"రేపు పొద్దున వస్తా. శుక్రవారం కూడా ఈడనే ఉంటా. ఆ తలుపు పక్క సూడను. గోడ పక్క తిరుక్కోని కూసోని, పదమూడో ఎక్కం సదువుకుంటా ఉంటా. సాలునా?"

"సాలు" అన్నాడు రామచంద్ర.

మెట్ల దగ్గర డాక్టరు ఎదురయ్యాడు. జుట్టు నెరిసిన మనిషి, ఎవరితో మాట్లాడినా నిలబడి తీరిగ్గా మాట్లాడతాడు. ఆయన ఈశ్వరమ్మను పక్కకు పిలిచాడు. "మీతో చెప్పాడన్నమాట. మంచిది. చెప్పమని నేను పది రోజులుగా అంటున్నాను. ఇప్పుడు చూడండమ్మా, ఈ రెండు రోజులూ ఆయన మనసు కుదురుగా ఉండాలి. గుండె అసలే బలహీనంగా ఉంది. గట్టిగా ఉలిక్కిపడే సంగతి ఏదీ చెవిన పడకూడదు. సంతోషమైనా సరే, దుఃఖమైనా సరే. ఏదున్నా ఆపరేషను అయ్యాక."

"ఏమీ లేదు సార్. అన్నీ మాట్లాడేసుకొంటిమి" అని ఆమె తృప్తిగా మెట్లు దిగింది.

గేటు బయట ఒక జట్కా ఆగి ఉంది. దాని ముందర, తలగుడ్డ చేతిలో పట్టుకుని, ఆమె మామ మునెప్ప నిలబడి ఉన్నాడు. సోమల దగ్గర వేరుశెనగ పండించుకునే రైతు. కొడుకు శానటోరియంలో చేరిన తర్వాత ఒక్కసారి మాత్రమే వచ్చిపోయాడు. ఈశ్వరమ్మ గుండె గట్టి చేసుకుంది. ఆపరేషను వద్దని, కొడుకును ఊరికి తీసుకుపోతానని వచ్చి ఉంటాడు.

"ఎవురు సెప్పినారు మామా?"

"ఆసుపత్రోళ్లు జాబు రాసినారమ్మా. తండ్రిని గదా, పత్రం మీద వేలిముద్ర కావాలన్నారు. ఆ జాబు వచ్చి పది దినాలాయ. ఏసి పంపించేసినా."

"అయితే వొద్దనేదానికి రాలేదా?"

"వొద్దని ఎట్లంటాను. బతకాల గదా వాడు." మునెప్ప తలగుడ్డ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "జాబు వచ్చినప్పట్నించీ నాకు నిద్ర ల్యా. ఆ బల్ల మీద వాడికేమన్నా అయితే నా పాపం నాతోనే ఉండిపోతాది. అందుకని కుప్పం పోయొచ్చినా."

"కుప్పంలో ఎవురుండారు మామా మనకు?"

ముసలాయన జట్కా వైపు చూశాడు.

"రామచంద్రకు రెండేండ్లప్పుడు వాళ్లమ్మ సచ్చిపోయిందని సెప్పి పెంచినానమ్మా నేను. ఊరందర్నీ అట్లనే సెప్పమంటి. ఆమె సావలేదు. నేనే ఇంట్లోకి రానియ్యలేదు. యాల అనేది తరవాత సెప్తా, సిగ్గుతో సెప్పాల్సిన మాట అది. ఇన్నేండ్లూ కుప్పంలోనే ఉండాది. వాడికి స్టేషన్లో ఉద్యోగం అయినాక, వారానికొక తూరి పోయి వాడి కిటికీ ముందర నిలబడి పక్క స్టేషనుకి టికెట్టు కొనేదంట. వాణ్ణి సూసేదానికి. వాడు చిల్లర లెక్కబెట్టి ఇస్తా, తల ఎత్తి సూసేవాడంట ఒక్కొక్క తూరి."

జట్కా లోపల కట్టిన గుడ్డ పక్కకు తొలిగింది. నెరిసిన తల, పాత నీలం చీర. ఒక చెయ్యి జట్కా కమ్మీ పట్టుకుంది, ఒక పాదం మెట్టు వెతుక్కుంటోంది. ఆ చెయ్యి వేళ్లు పొడుగ్గా, సన్నగా, రామచంద్ర వేళ్లలాగే ఉన్నాయి.

"వాణ్ణి ఒక్కతూరి సూసి పోతానంటాది. సెప్పమంటావా, వొద్దంటావా? నువ్వు ఎట్లంటే అట్లమ్మా" అన్నాడు మునెప్ప.

ఈశ్వరమ్మ నోరు తెరిచేలోపల వెనక కంకర మీద అడుగుల చప్పుడయింది. జ్వరాలు కొలిచే నర్సు గబగబా గేటు దాకా వచ్చి, జట్కానూ, దిగుతున్న ఆ ముసలామెనూ ఒకసారి చూసి, ఈశ్వరమ్మతో అంది.

"మీ ఆయన వరండాలోంచి చూస్తున్నాడమ్మా. గేటు దగ్గరికి ఎవరొచ్చారో మిమ్మల్ని అడిగి రమ్మన్నాడు. ఏం చెప్పమంటారు?"